దనాంగ్‌లో ఒక రోజు చామ్ శిల్పాలకూ అక్కడి భోజనానికీ కేటాయించండి

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య మీ ఆదివారం అనుబంధంలో వియత్నాం యాత్రల గురించి వస్తున్న వ్యాసాలను, వాటి పక్కనే పడుతున్న టూర్ ప్రకటనలను శ్రద్ధగా చదువుతున్నాను. మన రెండు తెలుగు రాష్ట్రాల నుంచి ఆ దేశానికి వెళ్ళేవారు పెరిగారు కాబట్టి ఇటువంటి వ్యాసాల అవసరం ఉంది, వాటిని వేస్తున్నందుకు మీకు కృతజ్ఞతలు. అయితే మధ్య వియత్నాంలోని దనాంగ్ నగరం ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ, బా నా కొండల మీద రెండు పెద్ద చేతులు మోస్తున్నట్టు 2018లో కట్టిన బంగారు వంతెన, ఊరి సముద్రతీరం, వారాంతపు రాత్రుల్లో నిప్పులు కక్కే డ్రాగన్ వంతెన, ఈ మూడింటితోనే మాట ముగిసిపోతోంది. ఆ డ్రాగన్ వంతెనకు కూతవేటు దూరంలో ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన చంపా దేశపు చామ్ ప్రజల శిల్పాల సేకరణల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది ఒక మ్యూజియంలో ఉందనీ, దాని చుట్టుపక్కల వీధుల్లో ఆ ప్రాంతానికే సొంతమైన భోజనం దొరుకుతుందనీ చెప్పేవారు కనబడటం లేదు. ఈ రెండింటికీ కలిపి ఒక పూర్తి రోజు కేటాయించాలని మీ పత్రిక ద్వారా తోటి పాఠకులనూ, టూర్లు నడిపేవారినీ కోరడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను గుంటూరులో చాలా ఏళ్ళు చరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. ఫిబ్రవరిలో ఒక టూర్ బృందంతో వియత్నాం వెళ్ళాను. అది ఏ సంస్థ అన్నది ఇక్కడ ముఖ్యం కాదు, తర్వాత విచారిస్తే చాలామంది కార్యక్రమం అదే మూసలో ఉందని తెలిసింది. మధ్యాహ్నమూ రాత్రీ భారతీయ రెస్టారెంట్లోనే పప్పు, పనీరు కూర, నాన్ పెడతారు. మిగిలిన సమయమంతా ఫొటోలు దిగే చోట్లకు పరుగు. బస్సు మ్యూజియం ముందునుంచి పోతున్నప్పుడు ఇక్కడ కాసేపు ఆగుదామా అని అడిగితే, మా వెంట వచ్చిన టూర్ మేనేజరు "విరిగిన రాళ్ళు తప్ప అక్కడేముంది మేడమ్, మనవాళ్ళకి బోర్ కొడుతుంది" అన్నాడు. ఆ అబ్బాయి మర్యాదస్తుడు, పనిమంతుడు. అది అతని సొంత అభిప్రాయమని కూడా నేను అనుకోను, బృందాల తీరు చూసి చూసి ఏర్పడిన నమ్మకం. ఆ నమ్మకం తప్పని నా అభిప్రాయం. మరునాడు బృందం కొండ మీదికి వెళ్తే, నేనూ మా చెల్లెలూ ఊళ్ళోనే ఉండిపోయాం.

దనాంగ్‌లో ఉదయం పూట తినవలసింది 'మీ క్వాంగ్' అనే వంటకం. క్వాంగ్ నామ్ ప్రాంతపు నూడుల్స్ ఇవి. (ఆ క్వాంగ్ నామ్ 2025 జూలై 1 నుంచి పరిపాలనాపరంగా దనాంగ్ నగరంలోనే కలిసిపోయింది.) నూడుల్స్ అంటే గిన్నె నిండా ఉన్న సూపులో తేలేవి అనుకుంటాం గానీ వీటి పద్ధతి వేరు. మేము కూర్చున్న చిన్న కొట్టులో ఆవిడ ముందుగా గిన్నె అడుగున సన్నగా తరిగిన అరటిపువ్వు, పుదీనా, ఇంకా నాలుగైదు రకాల ఆకులు పరిచింది. వాటి మీద బియ్యప్పిండితో చేసి, పసుపుతో రంగు తెచ్చిన వెడల్పాటి నూడుల్స్ వేసి, అవి తడిసేంత మాత్రమే రసం పోసి, రొయ్యలు, వేయించిన పల్లీలు పైన చల్లింది. పక్కన నువ్వులద్ది నిప్పుల మీద కాల్చిన పెద్ద బియ్యపు అప్పడం పెట్టింది. దాన్ని చేత్తో విరిచి గిన్నెలో కలుపుకుని, నిమ్మరసం పిండుకుని, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తినాలి. నేను తిన్నచోట గిన్నె 40,000 డాంగులు, అంటే మన డబ్బులో ఇంచుమించు 135 రూపాయలు. కారం, పులుపు, పల్లీల కమ్మదనం అన్నీ ఉన్న ఈ తిండి మనవాళ్ళ నోటికి పట్టదని ముందే తీర్మానించడం ఎందుకో నాకు అర్థం కాలేదు.

మ్యూజియం ఉదయం ఏడున్నరకే తెరుస్తారు. ఎండ ముదరకముందే లోపలికి వెళ్ళడం మంచిది. ప్రవేశ రుసుము 60,000 డాంగులు, సుమారు 200 రూపాయలు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఫ్రెంచివారు పరిసర ప్రాంతాల శిథిలాల నుంచి శిల్పాలు తెచ్చి ఇక్కడి ఒక తోటలో చేర్చారు. పరిశోధకుడు ఆన్రీ పార్మాంతియే వంటివారి పూనికతో వాటికోసం కట్టిన భవనం 1919లో మ్యూజియంగా తెరుచుకుంది, 1936లో విస్తరించింది. పసుపు రంగు గోడలు, చామ్ గోపురాల పోలికలున్న పైకప్పు, ఆవరణలో దేవగన్నేరు చెట్లు ఉన్న ఆ భవనం పెద్దదేమీ కాదు. అందుకే ఎవరైనా అరగంటలో చుట్టి వచ్చేయగలరు, వచ్చేస్తున్నారు కూడా. నా మనవి, అక్కడ కనీసం మూడు గంటలు గడపమని. చామ్ చరిత్ర బొత్తిగా తెలియని వ్యక్తి కూడా, రామాయణ భాగవతాలు వింటూ పెరిగి ఉంటే చాలు, ఆ మూడు గంటలూ కదలకుండా చూడదగినవి అక్కడ ఉన్నాయి.

మొదట 'మీ సాన్' అనే చోట పరిశోధకులు ఇ1 అని గుర్తు పెట్టిన గుడి పీఠం గురించి చెప్పాలి. దనాంగ్‌కు సుమారు 70 కిలోమీటర్ల దూరంలో కొండల మధ్య ఉన్న మీ సాన్ చామ్ రాజుల శైవ క్షేత్రం. నాలుగో శతాబ్దం చివర భద్రవర్మ అనే రాజు అక్కడ భద్రేశ్వరుడికి గుడి కట్టించాడు. ఈ పీఠం ఏడో శతాబ్దం నాటిది, శివలింగాన్ని మోసినది. ఇసుకరాతి పీఠం చుట్టూ చిన్న చిన్న కమానుల కింద మునులు కనిపిస్తారు. ఒకడు వేణువు ఊదుతుంటాడు, ఒకడు పడుకుని ఉంటే ఇంకొకడు అతనికి ఉపచారం చేస్తుంటాడు, మరొకచోట జంతువుల మధ్య కూర్చుని ఉంటారు. మెట్టు ముందు భాగాన కండువాలు పట్టుకుని వంగి నాట్యం చేస్తున్నవారున్నారు. లింగాన్ని మోసే రాయి కాబట్టి ఇది కైలాసమే, ఆ కొండ మీద తపస్సు చేసుకునేవారే ఈ మునులు. ఇంత చెబితే మనవాళ్ళలో పదేళ్ళ పిల్లకైనా మొత్తం పీఠం అర్థమవుతుంది. ఆ మాట చెప్పేవారు పక్కన లేకపోవడమే లోటు.

అదే ఇ1 గుడి ద్వారం పైభాగపు రాతిలో శేషశయనుడైన విష్ణువూ, ఆయన నాభి కమలంలోంచి వెలువడుతున్న బ్రహ్మా ఉన్నారు. ఇ5 గుడి నుంచి తెచ్చిన వినాయకుడి దగ్గర మేము చాలాసేపు నిలబడిపోయాం. మనం కూర్చున్న వినాయకుణ్ణి చూడటానికి అలవాటు పడినవాళ్ళం. ఈయన నిటారుగా నిలబడి ఉంటాడు. నాలుగు చేతుల విగ్రహం. ఇప్పుడు కొన్ని చేతులు విరిగిపోయినా, ఫ్రెంచి పరిశోధకులు నమోదు చేసిన వివరాల వల్ల జపమాల, గొడ్డలి, ఆకులతో ఉన్న ముల్లంగి వంటి దుంప ఉండేవని తెలుస్తోంది. ఎడమవైపు కింది చేతిలో తినుబండారాల గిన్నె, ఆ గిన్నెలోకి వంగిన తొండం. మా చెల్లెలు చెప్పులు విప్పబోయి, ఇది మ్యూజియం కదా అని ఆగిపోయి, చేతులు జోడించింది. అక్కడి కాపలా ఆవిడ అది చూసి తల ఊపింది.

త్రా కియూ పీఠం ఇంకా ఆలోచింపజేస్తుంది. త్రా కియూ అంటే చామ్ రాజుల పాత రాజధాని సింహపురం. ఈ పీఠానికి నాలుగు వైపులా కథ చెక్కి ఉంది, ఒక దృశ్యంలో యువకుడు విల్లు పట్టుకుని ఉన్నాడు. కొందరు పరిశోధకులు దీన్ని శివధనుర్భంగమనీ, తర్వాతి దృశ్యాలు సీతా కల్యాణమనీ అన్నారు. మరికొందరు ఇది రాముడు కాదు, కృష్ణుడన్నారు. మథురలో కంసుడి ధనుర్యాగానికి వచ్చిన కృష్ణుడు కూడా విల్లు విరిచాడని భాగవతం తెలిసిన తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. ప్రపంచంలో పెద్ద పెద్ద పండితులు వాదించుకున్న విషయంలో మన ఇంట్లో పెద్దవాళ్ళు కూడా తమ మాట చెప్పగలరు. ఆ రాతి చుట్టూ తిరుగుతూ "ఇది పెళ్ళి బృందమా, వ్రేపల్లె వాళ్ళా" అని వాదించుకోగలిగిన యాత్రికులను విరిగిన రాళ్ళని భయపెట్టి బస్సులో కూర్చోబెట్టడం అన్యాయం. అదే పీఠం మీద ఒకవైపు వరుసగా నాట్యం చేస్తున్న అప్సరసల నడుముల వంపు, వేళ్ళ కొసలు చూసిన తర్వాత, రాతిలో ఇంత మెత్తదనం ఎలా వచ్చిందన్న ప్రశ్న చాలాసేపు వెంటాడుతుంది.

బౌద్ధం విషయానికి వస్తే, 875లో రెండో ఇంద్రవర్మ డోంగ్ డువాంగ్‌లో పెద్ద విహారాన్ని లక్ష్మీంద్ర లోకేశ్వరుడనే బోధిసత్త్వుడి పేర స్థాపించాడు. అక్కడి శిల్పాలకు ఒక గది ఉంది. 1978లో ఆ ఊరివాళ్ళకు నేలలో దొరికిన, దాదాపు 115 సెంటీమీటర్ల ఎత్తున్న కంచు దేవతా విగ్రహం ఈ మ్యూజియంలో అన్నిటికన్నా ప్రసిద్ధమైనది, దాన్ని వియత్నాం ప్రభుత్వం జాతీయ నిధిగా ప్రకటించింది. గుంటూరు జిల్లా వాళ్ళకు మరొక సంగతి చెప్పాలి. అదే డోంగ్ డువాంగ్‌లో 1911లో దొరికిన కంచు బుద్ధుడి మీద అమరావతి శైలి ప్రభావం ఉందని కొందరు పండితులు రాశారు, సింహళ శైలి పోలికలున్నాయని మరికొందరన్నారు. ఆ విగ్రహం దనాంగ్‌లో లేదు, హోచిమిన్ నగరంలోని చరిత్ర మ్యూజియంలో ఉంది. ఈ క్వాంగ్ నామ్ ప్రాంతాన్నే చామ్ శాసనాలు అమరావతి అని పేర్కొన్నాయి.

ఇక్కడే ఒక హెచ్చరిక చేయవలసి ఉంది. ఇటువంటి సంగతులు చెప్పగానే "అవన్నీ మనవాళ్ళు కట్టినవే" అనే మాట మన గుంపుల్లో వెంటనే వినిపిస్తుంది. అది నిజం కాదు, పైగా కట్టినవారికి అగౌరవం. ఈ గుళ్ళు కట్టినవారు, ఈ రాళ్ళు చెక్కినవారు చామ్ ప్రజలు. వారి భాష ఆస్ట్రోనేషియన్ కుటుంబానికి చెందినది. సంస్కృతంలో శాసనాలు వేయించారు, తమ భాషలోనూ వేయించారు. దక్షిణ భారత లిపి సంప్రదాయం సముద్రం మీదుగా వారికి చేరింది, దానితో వారు తమ సొంత శైలిని కట్టుకున్నారు. 1471లో వారి 'విజయ' అనే రాజధాని పడిపోయింది, 1832లో చివరి రాజ్యం పాండురంగ కూడా వియత్నాంలో కలిసిపోయింది. కానీ చామ్ ప్రజలు పోలేదు. దక్షిణాన ఫాన్ రాంగ్ ప్రాంతంలో నేటికీ హిందూ చామ్‌లు పో క్లోంగ్ గరాయ్ గోపురం దగ్గర కాతే పండుగ చేసుకుంటారు, ఇస్లాం ప్రభావంతో రూపుదిద్దుకున్న బానీ సంప్రదాయం పాటించే చామ్‌లూ ఉన్నారు. మ్యూజియంలో రాళ్ళు చూసేటప్పుడు, వీటిని చెక్కినవారి వారసులు ఇంకా ఇదే దేశంలో జీవిస్తున్నారన్న ఎరుక ఉండాలి. మనకు ఆ శిల్పాలతో ఉన్నది చుట్టరికమే గాని హక్కు కాదు. చుట్టాల ఇంటికి వెళ్ళి గుమ్మంలోంచే తిరిగి రావడం ఎంత తప్పో, లోపలికి వెళ్ళి ఇల్లంతా మాదేననడం అంతకన్నా పెద్ద తప్పు.

మీ సాన్ గోపురాల్లో అందరూ గొప్పగా చెప్పుకున్న ఎ1 గుడి 1969 ఆగస్టులో అమెరికా బాంబు దాడిలో కూలిపోయింది. అంతకు ముందే దనాంగ్ చేరిన శిల్పాలు బతికాయి. ఆ క్షేత్రం 1999లో యునెస్కో జాబితాకెక్కింది. మన భారత పురావస్తు సర్వేక్షణ నిపుణులు అక్కడ కొన్ని గుడి సముదాయాల పునరుద్ధరణలో పని చేశారు, 2020లో ఆ పని జరుగుతుండగా తొమ్మిదో శతాబ్దపు ఏకశిలా శివలింగం బయటపడింది. మ్యూజియం చూసిన మరునాడు మీ సాన్ వెళ్తే ఖాళీగా కనిపించే గోడల మీద ఏ శిల్పం ఎక్కడ ఉండేదో ఊహకు అందుతుంది. మ్యూజియం చూడకుండా వెళ్ళినవారికి అవి ఇటుక దిబ్బలుగానే మిగులుతాయి.

మధ్యాహ్నం భోజనానికి బాన్ సెయో తిన్నాం. బియ్యప్పిండిలో పసుపు కలిపి, చిన్న పెనం మీద నూనె చిటపటలాడుతుండగా పోసి, లోపల రొయ్యలు, పంది మాంసం, పెసర మొలకలు పెట్టి మడిచిన కరకరలాడే అట్టు అది. దాన్ని పలుచని బియ్యపు కాగితంలో ఆకుకూరలతో పాటు చుట్టి, పల్లీలు వేసిన చిక్కటి సాసులో ముంచుకుని తింటారు. దనాంగ్ వైపు ఆ సాసులో కాలేయం కూడా కలుపుతారు, పంది మాంసం తిననివారూ శాకాహారులూ ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. మా చెల్లెలు శాకాహారి కాబట్టి తనకు వేరే చోటు వెతికాం, అంత కష్టమేమీ కాలేదు. "చై" అన్న బోర్డు ఉన్నవి శాకాహార భోజనశాలలు. బౌద్ధులైన వియత్నామీయులు చాలామంది అమావాస్యకూ పౌర్ణమికీ మాంసం మానేస్తారు కాబట్టి ఆ రోజుల్లో ఇవి కిటకిటలాడుతుంటాయి. వేరేచోట కేవలం కూరగాయలతో చేయమంటే సరిపోదు, చేపల ఊట (ఫిష్ సాస్) దాదాపు ప్రతి సాసులోనూ ఉంటుంది. "చై" భోజనశాలలో దాని బదులు సోయా సాస్ వాడతారు. ఈ ఒక్క సమాచారం టూర్ కార్యక్రమం కాగితంలో ముద్రిస్తే, శాకాహారుల కోసమంటూ బృందం మొత్తాన్ని రోజూ ఒకే భారతీయ రెస్టారెంటుకు తోలుకుపోయే అవసరం ఉండదు.

మ్యూజియాన్నీ భోజనాన్నీ ఒకే రోజున పెట్టమని నేను కోరడానికి ఒక కారణం ఉంది. ఆ ఊళ్ళో పొద్దుటినుంచి తిన్నవన్నీ, నూడుల్స్, అప్పడం, అట్టు, దాన్ని చుట్టిన కాగితం, అన్నీ బియ్యమే. చంపా దేశానికి శిల్పాలతో పాటు పేరు తెచ్చినది వరి. కరువును తట్టుకుని, నాటిన సుమారు వంద రోజుల్లో కోతకు వచ్చే చంపా వరి అప్పటికే చైనాలోని ఫుజియాన్‌కు చేరింది. 1012లో సోంగ్ చక్రవర్తి జెన్‌జోంగ్ అక్కడినుంచి విత్తనాలు తెప్పించి, వానలు లేని యాంగ్‌త్సీ ప్రాంతపు రైతులకు పంచిపెట్టించాడు. ఏడాదికి రెండు పంటలు తీయడానికి అక్కడ అది దోహదం చేసిందని చరిత్రకారులు చెబుతారు. మన జిల్లాల్లో వరి పండించే కుటుంబాలవారు ఈ సంగతి వింటే ఆ రాజుల గుడికన్నా ముందు వారి పొలాన్ని తలుచుకుంటారు. వరి పంట మిగులు లేకపోతే మీ సాన్ కొండల్లో అన్ని గోపురాలు లేచేవి కావని నా నమ్మకం.

సాయంత్రానికి చెప్పవలసింది తక్కువ. చిన్న ఫిల్టరులోంచి గ్లాసులోకి బొట్టుబొట్టుగా దిగే కాఫీలో చిక్కటి తీపి పాలు కలుపుకుని తాగాం, అది మన కాఫీకన్నా ఘాటు. కోన్ మార్కెట్‌లో తినుబండారాల వరుసల మధ్య చిన్న సాసర్లలో ఆవిరి మీద ఉడికించిన బాన్ బేవ్, కొబ్బరిపాలతో చే అనే తీపి దొరికాయి. ఇంకొక రోజు వీలైతే దక్షిణాన 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న హోయి ఆన్ వెళ్ళి కావ్ లావ్ తినాలి. ఆ నూడుల్స్‌కు చామ్‌ల నాటిదని చెప్పే బా లే బావి నీరే వాడాలని ఆ ఊరి పట్టింపు.

ఇక నా మనవి. టూర్లు నడిపేవారు దనాంగ్‌లో ఒక ఉదయం మ్యూజియానికి, ఆ రోజు రెండు పూటల భోజనం ఊరి కొట్లకు విడిచిపెట్టాలి. ఇందుకు అదనపు ఖర్చు పెద్దగా లేదు, భారతీయ రెస్టారెంటు బిల్లు తగ్గుతుంది కూడా. వద్దనుకున్నవారు ఆ పూట సముద్రతీరానికి వెళ్ళవచ్చు, ఎవరినీ బలవంతపెట్టమని కాదు. మ్యూజియంలో పేరుపలకలు వియత్నామీస్‌లో, ఇంగ్లీషులో ఉన్నాయి. ఇంగ్లీషు చదవలేని మన పెద్దవాళ్ళకే ఆ కథలు ఎక్కువగా తెలుసు కాబట్టి, వారికోసం తెలుగులో నాలుగు పుటల పరిచయం ఉంటే చాలా మేలు. మీ ఆదివారం అనుబంధంలో ఒకసారి పూర్తి పుటలో ఆ పరిచయం వేయండి. ఏ గదిలో ఏ పీఠం చూడాలో, ఏ దృశ్యంలో ఎవరున్నారో, చుట్టుపక్కల ఏం తినవచ్చో, శాకాహారులు ఏం అడగాలో అందులో ఉంటే యాత్రికులు ఆ కాగితాన్ని కత్తిరించి సంచిలో పెట్టుకుని తీసుకువెళ్తారు. చామ్ చరిత్ర మీద పరిశోధన చేసినవారు మన విశ్వవిద్యాలయాల్లో ఎవరైనా ఉంటే వారిచేత రాయించడం ఉత్తమం. మీకు అవసరమైతే, నేను తీసుకున్న ఫొటోలూ, ప్రతి పీఠం దగ్గర రాసుకున్న వివరాలూ మీ కార్యాలయానికి పంపగలను.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలు,
గుంటూరు